ఒకటికి ఎంత?

బోర్ల పడుకోమన్నారు. పడుకుంటి.
ఇట్ల పడుకోని ఎన్నాళ్లయిందో.
ఆరు నెలలుగా కూసోనే నిద్రపోతా ఉండా,
గోడకి చేరగిలేసిన నిచ్చెన మాదిరి.

నొప్పి ఎంతుంటాదని అడిగింది నౌషీన్ డాక్టరమ్మ,
సున్నా నించి పది దాకా చెప్పమనింది.
నాకు లెక్క అడుగుల్లో, అంగుళాల్లో వస్తాది గానీ
నొప్పికి టేపు యాడుంది?
"తుమ్మితే ప్రాణం పోతాదమ్మా" అన్నా.
ఆమె కాగితం మీద తొమ్మిది ఏసుకునింది.

చిత్తూరు నించి వచ్చేటప్పుడు
పూతలపట్టు దాటినాక స్పీడు బ్రేకర్లు నాలుగు.
కుప్పమ్మ ముందే లేచిపోయి డ్రైవర్ని బతిమాలింది.
ఆయప్ప మెల్లిగానే పోనిచ్చినాడు, పాపం.
అయినా ప్రతిదాని కాడా
నా నోట్లోంచి ఒక శబ్దమొచ్చింది,
నాది కాని గొంతుతో.
ముందు సీట్లో పసిబిడ్డ ఏడుపు మాని నన్నే చూసింది.

జబ్బు మొదలైంది యాడో కింద.
ఎముకల్లోకి ఎక్కింది, గోడకి చెమ్మ ఎక్కినట్టు,
చప్పుడు లేకుండా.
ఫిల్ము ఎత్తి వెలుతురుకి పెట్టి చూపించినారు,
నడుం కాడ మూడో పూస సగానికి దిగిపోయుండాది.
నలభై ఏండ్లు మేస్త్రి పని చేసినోడికి
కుంగిన గోడ గురించి ఎవురు చెప్పాల?

"కోత లేదు, కుట్లు లేవు, రెండు సూదులంతే" అనింది.
ముందు సూది కొనతో లోపలి పురుగుని కాలుస్తారంట.
తర్వాత ఆ బొక్కలోకి సిమెంటు పంపిస్తారంట.
"ఏందమ్మా?"
"సిమెంటు, తాతా."
నగొచ్చింది. నగితే నొప్పి. అయినా నగినా.
ఈ నడుం మీద ఎన్ని వేల మూటలు మోసుంటానో,
ఒక్క మూట గూడా లోపలికి పోలా.

వీపు మీద చల్లగా ఏందో పూసినారు.
చీమ కుట్టినట్టు ఒకటి, ఆపైన మొద్దు.
తర్వాత సుత్తి. నిజంగా సుత్తే.
టక్. టక్. ఆగి, టక్.
తొందరపడే చెయ్యి కాదది, నాకు తెలస్తాది.
మా ఆర్ముగానికి పదేండ్లు చెప్పినా రాలా
ఆ ఆగడం.

పక్కన గిన్నెలో పొడి పోసి ఏందో కలపతా ఉండారు.
ఘాటు వాసన. మన సిమెంటు వాసన కాదు.
"ఒకటికి ఎంత?" అన్నా, బోర్ల ఉండే.
"ఏంది తాతా?"
"పాళ్లు. ఒకటికి నాలుగా, ఆరా?"
గదిలో రవ్వంత సేపు ఎవురూ మాట్లాడలా.
"రెండుకి ఒకటి. బిరుసెక్కక ముందే పోసెయ్యాల,
పది నిమిషాలే టైము."
"మరి నాతో మాటలేందమ్మా, కానియ్యి."

కాలి వేళ్లు ఆడించమంటాది. ఆడిస్తా.
మళ్లీ అంటాది. మళ్లీ ఆడిస్తా.
నరం పక్కకి కారకూడదంట.
తెర మీద నల్లగా, చుక్క చుక్కగా
నా లోపల ఒక పని జరగతా ఉంది,
మేస్త్రిని మాత్రం నేను కాదు.

సాయంత్రం మంచం అంచున కూసున్నా.
కూసున్నా, అంతే. ఎవురూ పట్టుకోలా.
కిటికీలోంచి ఎదురు లాడ్జి పిట్టగోడ కనిపిస్తాది,
నేను కట్టిందే, ఎడమ పక్క అరంగుళం వంకర,
ఆ పొద్దు వానొస్తే తొందరపడితి.
దాని వెనక తిరపతి కొండ, అది సరిగ్గానే ఉంది.

కుప్పమ్మ చెంబు తెచ్చింది.
"తాగు. సిమెంటు పనికి నీళ్లు కొట్టకపోతే
బీటలు రావా?"

డాక్టరమ్మ ఏం దాచలా.
తుంటిలో ఇంకోటుండాది, పక్కటెముకల్లో రెండు.
"జబ్బు పోలేదు తాతా, ఆ ఒక్క పూసకి ఊత పెట్టినాం."
ఊత ఎన్నాళ్లుంటాదో అడగలా నేను.
ఇండ్లోళ్లు నన్నూ అదే అడిగేవోళ్లు,
ఎవురికీ సరిగ్గా చెప్పిందే లే.

మూడో పొద్దు ఇంటికి బస్సెక్కితిమి.
పూతలపట్టు వస్తా ఉంటే
కుప్పమ్మ నా చెయ్యి పట్టుకునింది, గోళ్లు దిగేట్టు.
బస్సు ఎగిరింది.
నొప్పి కోసరం కాచుకోనుండా.
రాలా.
రెండోది. రాలా.
రోడ్డు పక్కన ఎవురో కొత్త గోడ లేపతా ఉండారు,
ఎండిన ఇటికెలు ఎండినట్టే పేరస్తా.
నడుం తిప్పి, కిటికీలోంచి తల బయట పెట్టి
అరిచినా:
"తడపండ్రా, ఇటికెలు తడపండ్రా!"